గట్టి సైకిలు, మెత్తని సైకిలు

జూన్ మొదటి వారంలో ఒక మంగళవారం నేను పాలకేంద్రం నుంచి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో రెండు పెద్ద అట్టపెట్టెలు నిలబెట్టి ఉన్నాయి. వాటి ముందు పాత దుప్పటి పరుచుకొని, పనిముట్లు వరసగా పేర్చుకొని కూర్చున్నాడు హినెక్. నన్ను చూసి, పెద్ద కత్తెర ఎక్కడ పెట్టావని మాత్రం అడిగాడు.

హినెక్ నా భర్త, నా పేరు దానా. అప్పటికి యాభై రెండేళ్ళు. కుర్రతనంలో జాతీయ జట్టు తరఫున కొండ సైకిలు పందేల్లో తొక్కాడు. ఆ తరవాత పద్దెనిమిదేళ్ళుగా ప్రాగ్‌లో అచ్చయ్యే ఒక మాసపత్రికకు కొత్త సైకిళ్ళు తొక్కి చూసి వాటి మంచిచెడ్డలు రాస్తున్నాడు. వ్యాసం కింద అతని పేరుంటే చాలు, ఇంకెవరినీ అడక్కుండా ఆ సైకిలు కొనేవాళ్ళు ఉన్నారు.

వచ్చినవి రెండూ కార్బన్ ఫైబరు ఫ్రేములవి. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, అవే చక్రాలు, అవే గేర్లు. తేడా ఒక్కటే. మొదటిది హార్డ్‌టెయిల్. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో తప్ప ఎక్కడా సస్పెన్షన్ లేదు, వెనక భాగమంతా బిగుసుకున్న ఒకే ముక్క. రెండోది ఫుల్ సస్పెన్షన్. దాని వెనక చక్రం కూడా కీళ్ళ మీద పైకీ కిందకీ ఆడుతుంది, సీటు కింద ఒక బుల్లి షాక్ అబ్జార్బరు. మొదటిది పది కిలోలకి కాస్త తక్కువ, రెండోది పదకొండున్నర. మా ఇంట్లో వాటిని గట్టిది, మెత్తది అనేవాళ్ళం.

హినెక్ గట్టిదాని పక్షం. ఆ సంగతి దేశంలో సైకిలు తొక్కేవాళ్ళందరికీ తెలుసు. రాళ్ళ మీద సైకిలు కాదు వంగాల్సింది, మనిషి వంగాలి అని ఎన్నిసార్లు రాశాడో. ఈసారి పత్రిక సంపాదకుడు బోర్జెక్ పట్టుబట్టి రెంటినీ పంపాడు. వేసవంతా ఒకే దారిలో మార్చి మార్చి తొక్కాలి, సమయాలు కొలవాలి, అక్టోబరు సంచికలో ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఇద్దరు నడిపే మాసపత్రికకు అదొక పెద్ద సంచిక.

ఆ సాయంత్రమే హినెక్ చెల్లెలు ల్యూబా వచ్చింది. అటవీశాఖలో పనిచేస్తుంది, నలభై ఆరేళ్ళు, మాకు మూడిళ్ళ అవతల ఉంటుంది. మెత్తదాని సీటు మీద అరచెయ్యి ఆనించి కిందకి నొక్కింది. అది దిగి, మళ్ళీ లేచింది.

"అన్నయ్యా, దీనికి దిండు కూడా ఇచ్చారా?" అంది.

"నీ కోసం ఆర్డరు పెట్టాం, వస్తుంది" అన్నాడు హినెక్ తల ఎత్తకుండా.

మా ఊరి వెనక అడవిలో ఏడు కిలోమీటర్ల చుట్టు ఒకటుంది. మొదట పాత రాతి క్వారీ దాకా నున్నటి ఎక్కుడు. తరవాత ఫర్ చెట్ల మధ్య వేళ్ళ దారి. ఒకటిన్నర కిలోమీటరు పొడవునా పాముల్లా అడ్డంపడ్డ వేళ్ళు, తడిసినప్పుడు సబ్బులా జారతాయి. చివర చెరువు గట్టు దాకా రాళ్ళ దిగుడు. ఈ చుట్టు మీదే పరీక్ష. ఒక రోజు గట్టిది, ఒక రోజు మెత్తది, రోజుకి మూడు చుట్లు. బయల్దేరేముందు టైర్లలో గాలి కొలవాలి. హ్యాండిల్ మీద బిగించిన చిన్న యంత్రం ఒక్కో భాగానికి ఎంత పట్టిందో విడిగా చెబుతుంది. ఆ అంకెలు నోటుబుక్కులో ఎక్కించడం నా వంతు. వాటి కింద సైకిలు ఎలా నడిచిందో హినెక్ తన చేత్తో నాలుగు వాక్యాలు రాయాలి.

నాకు ఈ పని ఎందుకు వచ్చిందంటే, పాలకేంద్రంలో నాది పరీక్ష గది. కొవ్వెంత, నీళ్ళెన్ని అని ఇరవై ఆరేళ్ళుగా కొలుస్తున్నాను. అంకెలు రాయడంలో నామీద హినెక్‌కి నమ్మకం. నాకు సైకిలు మీద అంత ప్రేమ లేదు. దుకాణానికి వెళ్ళడానికి బుట్ట ఉన్న సైకిలొకటి ఉంది, అంతే.

జూన్‌లో అంకెలు అందరూ అనుకున్నట్టే వచ్చాయి. క్వారీ ఎక్కుడులో గట్టిది ఆరు సెకన్లు ముందు. వేళ్ళ దారిలో మెత్తదానికి నాలుగు నిమిషాల పది సెకన్లు, గట్టిదానికి పన్నెండు సెకన్లు ఎక్కువ. దిగుడులో ఇంకొంచెం ఎక్కువ తేడా. ఇందులో వింతేమీ లేదని హినెక్ అన్నాడు. గట్టిదాని మీద వెళ్ళేటప్పుడు ప్రతి వేరునీ ముందే చూసి, మోకాళ్ళతో మోచేతులతో దాన్ని మింగెయ్యాలి. మెత్తదాని మీద సగం పని వెనక చక్రమే చేసేస్తుంది, మనిషి తొక్కుతూ కూర్చోవచ్చు. అయితే ఆ కీళ్ళలో బురద చేరుతుంది, రెండు వర్షాలకి కిర్రుమంటుంది, విప్పి కడగాలి. ఏ దారి తొక్కేవాడికి ఏది పనికొస్తుందో అంకెలే చెబుతాయి అన్నాడు. నోటుబుక్కులో కూడా అదే రాశాడు, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో, పేజీ సగం నింపుతూ.

జులై రెండో వారానికి వేళ్ళ దారిలో తేడా పద్దెనిమిది సెకన్లయింది. నెలాఖరుకి ఇరవై నాలుగు. మెత్తది మాత్రం నాలుగు నిమిషాల పది, పన్నెండు, పదకొండు, అలాగే ఉంది.

బోర్జెక్ ఆ ఆదివారం ప్రాగ్ నుంచి కారేసుకొని వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, హుషారు ఎక్కువ. నేను నల్లద్రాక్షలాంటి చిన్న బ్లూబెర్రీలు కూరి ఉండ్రాళ్ళలాంటివి ఉడికించాను, పైన వెన్నా పంచదారా చల్లి పెట్టాను. పొద్దున్నే అడవిలో ఏరిన పళ్ళు. తింటూనే నోటుబుక్కు తిరగేసి, అతను ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఇరవై నాలుగు సెకన్లంటే మాటలా అన్నాడు. దేశంలో గట్టి సైకిలుకి ఉన్న ఒకే ఒక్క పెద్ద దిక్కు, ఆ సైకిలే ఓడిపోయిందని తన చేత్తో రాయబోతున్నాడు. బోర్జెక్ శీర్షిక కూడా ఆలోచించుకున్నాడట, 'గట్టి సైకిలుకి వీడ్కోలు' అని.

"మీరు రాస్తే ఎవరూ కాదనలేరు హినెక్ గారూ" అన్నాడు.

హినెక్ పళ్ళెంలోకి వంగాడు. ఉండ్రాయిని ఫోర్కుతో కోస్తున్నాడు. ఫోర్కు ఎడమ చేతిలో ఉంది. కుడిచెయ్యి బల్ల కింద ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను చూశాను గానీ అప్పటికి దాని గురించి ఏమీ అనుకోలేదు. నా ఆలోచన అంకెల మీద ఉంది.

మా పరీక్ష గదిలో కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. కొలత ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా వస్తుంటే పాలల్లో తేడా ఉండొచ్చు. రోజురోజుకీ ఒకే పక్కకి జరుగుతుంటే మాత్రం ముందు పరికరాన్ని చూడాలి. గట్టి సైకిలు జూన్‌లో పన్నెండు సెకన్లు వెనకబడిందంటే అది దాని స్వభావం. జులైలో ఇరవై నాలుగు ఎందుకు వెనకబడుతుంది? ఆ దారి అతనికి రోజురోజుకీ అలవాటవ్వాలి కదా, తేడా తగ్గాలి కదా.

బోర్జెక్ వెళ్ళాక ఆ మాట హినెక్‌తో అన్నాను. ఫ్రేము ఎక్కడైనా చిట్లిందేమో అన్నాడు. కార్బన్‌తో అదే చిక్కు, లోపల చిట్లినా పైకి కనపడదు. షెడ్డులో గట్టిదాన్ని స్టాండుకి తగిలించి, ఒక నాణెంతో ఫ్రేము పొడవునా చిన్నగా కొట్టుకుంటూ వెళ్ళాడు. పగులుంటే టక్‌మనే శబ్దం మొద్దుగా మారుతుంది. ఎక్కడా మారలేదు. ఫోర్కు విప్పి నూనె మార్చాడు. చక్రాల బేరింగులు చూశాడు. చివరికి మెత్తదాని చక్రాలు తీసి దీనికి, దీనివి దానికి వేశాడు. మర్నాడు మూడు చుట్లు తిరిగి వచ్చాడు. ఇరవై ఆరు సెకన్లు.

వాకిట్లో హెల్మెట్ తీసుకుంటూ, గడ్డం కింద పట్టీ విప్పడానికి చాలాసేపు తంటాలుపడ్డాడు. సాయం చేయనా అంటే వద్దన్నాడు.

ల్యూబాని కూడా తొక్కి చూడమందామన్నది నా ఆలోచనే. రెండో మనిషి కొలత ఉంటే మంచిది, ఎక్కడైనా అలాగే చేస్తారు అని హినెక్‌కి చెప్పాను. అతను ఒక క్షణం నా వంక చూసి, సరే అన్నాడు. నలభై ఏళ్ళు పైబడ్డ ఆడవాళ్ళ పందేల్లో ఏటా ఏదో ఒక కప్పు గెలుచుకొచ్చే మనిషి ల్యూబా. రెండు వారాలు సెలవు పెట్టింది. ఆఫీసులో ఏం చెప్పావంటే, చెట్ల బెరడు తినే పురుగు మీద పరిశోధన అని చెప్పానంది. ఆ వేసవిలో ఆ పురుగు మా కొండని సగం తినేసింది కాబట్టి ఎవరూ అనుమానించలేదట.

ఆగస్టులో పన్నెండు రోజులు ఇద్దరూ తొక్కారు, ఒకరి వెనక ఒకరు, రోజూ మధ్యలో సైకిళ్ళు మార్చుకుంటూ. ల్యూబా అన్నకన్నా నెమ్మది. మెత్తదాని మీద వేళ్ళ దారికి ఆమెకి నాలుగు నిమిషాల ఇరవై రెండు సెకన్లు పట్టేది. గట్టిదాని మీద పదకొండు సెకన్లు ఎక్కువ. మొదటి రోజూ పదకొండే, పన్నెండో రోజూ పదకొండే. హినెక్‌కి ఆ పన్నెండో రోజున ముప్పై ఒకటి. గట్టిదాని సమయంలో చెల్లెలు అతన్ని దాటేసింది.

ఆ రోజు నేను వేళ్ళ దారి చివర ఒక మొద్దు మీద కూర్చొని ఉన్నాను. ల్యూబా ముందు వచ్చి, సైకిలు చెట్టుకి ఆనించి, నా పక్కన కూర్చుంది. అన్న ఇంకా రాలేదు. నా చేతిలోని సీసా తీసుకొని నీళ్ళు తాగింది. రోజూ అయితే ఈపాటికి ఏదో ఒక ఎకసెక్కం ఆడేది.

"వదినా, దాటేముందు వెనకనుంచి చూశాను. అన్నయ్య కుడిచెయ్యి బ్రేకు మీదికి ఆలస్యంగా వస్తోంది. భుజం బిగబట్టేస్తున్నాడు. మెత్తదాని మీద అయితే తెలియట్లేదు."

"తెలుసు" అన్నాను. అప్పటికి నాకు తెలిసిందని ఆ మాట అన్నాకే తెలిసింది.

హినెక్ చెట్ల మధ్యనుంచి వచ్చాడు. మమ్మల్నిద్దర్నీ చూసి ఆగకుండా దిగుడులోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద నోటుబుక్కు తెరిచి పెట్టాను. నేను చూపించదలచుకున్నవి అంకెలు కావు. జూన్ ఆరో తారీకు పేజీ ఒకటి, నిన్నటి పేజీ ఒకటి. జూన్‌లో నాలుగు వాక్యాలు సగం పేజీ తీసుకున్నాయి. నిన్నటి నాలుగు వాక్యాలు మూడు వరసల్లో అయిపోయాయి. అక్షరాలు వరస మొదట్లో కాస్త కనిపించి, చివరికి వచ్చేసరికి చీమల బారులా సన్నగిల్లిపోయాయి. మధ్యలో పేజీలు తిప్పుతుంటే అవి వారం వారం చిక్కిపోతూ వచ్చినట్టు తెలుస్తోంది.

హినెక్ కళ్ళజోడు తెచ్చుకొని రెండు పేజీలూ చాలాసేపు చూశాడు. పెన్ను బాగోలేదని అనబోయాడనుకుంటాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చొక్కా బొత్తాలు ఫిబ్రవరి నుంచి ఇబ్బందిగానే ఉన్నాయి" అన్నాడు.

"నాకు చెప్పలేదే."

"చెబితే డాక్టరు దగ్గరికి లాక్కెళ్తావు. ఈ పరీక్ష అయిపోనిద్దామనుకున్నా." పేజీ తిప్పుతూ మళ్ళీ అన్నాడు, "మెత్తదాని మీద కూర్చుంటే ఏమీ లేదనిపిస్తుంది దానా. అంతా మామూలుగా ఉంటుంది. మర్నాడు గట్టిది ఎక్కగానే తెలిసిపోతుంది. నాకు రోజు మార్చి రోజు తెలుస్తూనే ఉంది."

నేను అతని పళ్ళెం తీసి సింకులో పెట్టాను. కుళాయి తిప్పాను. వెనక అతను నోటుబుక్కు మూసిన చప్పుడు వినపడింది. ఆ సోమవారమే బ్రనోలో నరాల డాక్టరుకి ఫోన్ చేస్తానని, తనే చేస్తానని చెప్పాడు. చేశాడు కూడా.

డాక్టరు మాకంటే చిన్నావిడ. హినెక్‌ని వరండాలో అటూ ఇటూ నడిపించింది. నడుస్తుంటే ఎడమచెయ్యి ఊగింది, కుడిచెయ్యి ఊగలేదు. బొటనవేలూ చూపుడువేలూ తాటించమంది. ఒక కాగితం ఇచ్చి నత్తగుల్ల చుట్టలాంటి గీత గీయమంది. తరవాత స్కానింగులూ అవీ అయ్యాయి. సెప్టెంబరు మొదట్లో పేరు చెప్పారు, పార్కిన్సన్స్ అని. తొలి దశ, మాత్రలకి బాగా లొంగుతుంది, చాలా ఏళ్ళు మామూలుగా గడపొచ్చు అన్నారు. హినెక్ అడిగిన ప్రశ్న ఒక్కటే, సైకిలు మానెయ్యాలా అని. మానెయ్యకూడదంది ఆవిడ. ఇంకా ఎక్కువ తొక్కమంది, కాకపోతే ఒంటరిగా వద్దంది. తిరిగి వస్తూ దారిలో ఒకచోట కారాపి, ఇద్దరం సూపు తాగాం. చెంచా కుడిచేత్తోనే పట్టుకున్నాడు, బల్లమీద కాస్త ఒలికింది. ఇద్దరం దాన్ని పట్టించుకోలేదు.

ఇంక వ్యాసం మిగిలింది. బోర్జెక్‌కి ఆ మర్నాడు వంటింట్లోంచే ఫోన్ చేశాడు హినెక్. నేను బంగాళదుంపల చెక్కు తీస్తున్నాను. అవతలి మాటలు కూడా వినపడుతున్నాయి, బోర్జెక్ గొంతు అంత పెద్దది. హినెక్ తన అంకెలన్నీ కొట్టెయ్యమన్నాడు. ల్యూబావి వెయ్యమన్నాడు.  బోర్జెక్ గడగడా మొదలుపెట్టాడు. ముఖచిత్రం అయిపోయింది, శీర్షిక అయిపోయింది, పదకొండు సెకన్లకి ఎవడు పత్రిక కొంటాడు, పైగా ఆవిడెవరో జనానికి తెలీదు, మీరు పద్దెనిమిదేళ్ళుగా గట్టిదాన్నే వెనకేసుకొచ్చారు కాబట్టి ఇప్పుడు ఓడిందని ఒప్పుకోవడానికి మనసొప్పడం లేదేమో, నాకర్థమవుతుంది కానీ, అన్నాడు.

హినెక్ అతన్ని ఆపకుండా చివరిదాకా మాట్లాడనిచ్చాడు.

"అది కాదు బోర్జెక్. ఓడింది సైకిలు కాదు. నాకు పార్కిన్సన్స్ వచ్చింది. నా కుడిచెయ్యి సరిగ్గా పనిచెయ్యట్లేదు. ఆ ముప్పై ఒక్క సెకన్లలో ఇరవై నావి."

మా ఇద్దరికీ ల్యూబాకీ ఆ డాక్టర్లకీ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఆస్ట్రియాలో ఉన్న మా అమ్మాయికి కూడా ఇంకా చెప్పలేదు. ఆ పేరు అతని నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. చేతిలో దుంప అలాగే పట్టుకొని నిలబడ్డాను.

బోర్జెక్, క్షమించండి అన్నాడు. అందరికీ తెలిసేలా రాయక్కర్లేదు, ఏదో ఒక కారణం చెబుదాం, దెబ్బ తగిలిందని వేద్దాం అన్నాడు. హినెక్ ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రెండు వాక్యాల్లో వెయ్యమన్నాడు. వేసవంతా తొక్కిన మొదటి పరీక్షకుడికి జబ్బు ఉన్నట్టు మధ్యలో తెలిసింది కాబట్టి అతని సమయాలు లెక్కలోకి తీసుకోలేదు, అని. ఫోన్ పెట్టేశాక అమ్మాయికి చేశాడు. ఆ ఫోన్ బయటికి తీసుకెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ మాట్లాడుతున్నాడు. ఒకసారి నవ్వాడు కూడా.

వ్యాసం ల్యూబా పేరు మీద వచ్చింది. రాసింది హినెక్ చెప్పగా నేను. నున్నటి మట్టి రోడ్ల మీద, పొడవాటి ఎక్కుడుల్లో తొక్కేవాళ్ళకి గట్టిది చాలు, తేలిక, మరమ్మతు తక్కువ. మా కొండల్లాంటి చోట వేళ్ళూ రాళ్ళూ ఎక్కువైతే మెత్తది చుట్టుకి ఇరవై సెకన్ల దాకా మిగులుస్తుంది, దానికన్నా ముఖ్యంగా నడుముని మిగులుస్తుంది. అంతే. ఏదీ గెలవలేదు. పాఠకుల్లో సగంమందికి అది నచ్చలేదు. ఇంత వేసవి తొక్కి చెప్పేది ఇదా అని ఒకాయన రాశాడు. ల్యూబా ఆ ఉత్తరాన్ని ఆఫీసులో తన బల్లకి అంటించుకుంది.

అక్టోబరు రెండో ఆదివారం నోవే మెస్తో అనే ఊళ్ళో పత్రికవాళ్ళు పాఠకుల రోజు జరిపారు. పాత వ్యాయామశాలలో బల్లలు, సాసేజీలు, బీరు. సైకిళ్ళు చూడ్డానికి నాలుగు వందల మంది దాకా వచ్చారు. హినెక్ రాడేమో అనుకున్నాను. పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు, కారెక్కి కూర్చున్నాడు. మాత్రలు మొదలుపెట్టి నెలయింది, చెయ్యి కాస్త నయం. అతనికొక బల్ల వేశారు. పక్కన ల్యూబా, కొంచెం ఎడంగా నేను. ఏటా లాగే వరస కట్టారు జనం. సైకిలు ఏది కొనాలో అతన్నే అడుగుతారు, వ్యాసంలో ఏం రాసినా సరే. జబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఒకరిద్దరు అతని భుజం తట్టి వెళ్ళారు. ఒకావిడ మాత్రం ఇంట్లో కాల్చిన రొట్టెల పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒక మనిషి వచ్చాడు. ట్రెబీచ్ వైపు వాడినన్నాడు. అరవై ఉంటాయి, రేకుల కప్పులు వేసే పనట, మొహం ఎండకి మాడిపోయి ఉంది. పదేళ్ళుగా గట్టిదే తొక్కుతున్నాను, ఇప్పుడు మెత్తది కొందామనుకుంటున్నాను, మీరేమంటారు అని అడిగాడు. ఏ దారుల్లో తొక్కుతారని హినెక్ అడిగాడు. పొలాల మధ్య మట్టి రోడ్లట, రాళ్ళంటూ పెద్దగా లేవట. మరి మెత్తదెందుకు అన్నాడు హినెక్.

"ఏమో, ఈ మధ్య గట్టిది మణికట్లు పీకేస్తోంది. ఎడమచెయ్యి మొద్దుబారుతోంది. పన్లో కూడా అంతే, సుత్తి జారిపోతోంది" అని నవ్వాడతను. "వయసు కదా. మెత్తదైతే సుఖంగా ఉంటుందేమోనని."

హినెక్ చేతిలో పెన్ను కింద పెట్టాడు. పక్కనున్న ఖాళీ కుర్చీ కాలితో ముందుకు లాగాడు.

"కూర్చోండి" అన్నాడు. "సైకిలు వచ్చే ఏడాది కొనొచ్చు. ఆ సుత్తి జారడం ఎప్పట్నుంచి?"

వరసలో ఇంకా పదిహేను మంది ఉన్నారు. వాళ్ళ వెనక బోర్జెక్ నిలబడి, తొందరగా కానివ్వమన్నట్టు చెయ్యి తిప్పుతున్నాడు. హినెక్ అటు చూడలేదు. ఆ మనిషి వరస వైపొకసారి చూశాడు. తరవాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి, పోయిన చలికాలం నుంచి అని మొదలుపెట్టాడు.